లారీకి మెట్టెందుకండీ

సుధాకరరావుగారికి బేరం వెన్నతో పెట్టిన విద్య. తెనాలిలో పుట్టి, సింగపూరు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తూ, పాసిర్ రిస్‌లో సముద్రం కనబడే ఫ్లాట్ కొనుక్కున్నా సరే, కూరల కొట్లో కొసరుగా రెండు రెబ్బల కరివేపాకైనా వేయించుకోకుండా ఇంటికి రారు. ఆ ఫ్లాట్ గృహప్రవేశానికి అరిటాకులు తెచ్చిచ్చినవాడు యర్రయ్య. ఆకుల దగ్గర కూడా రావుగారు పట్టుబట్టి ధర దింపారు. అందుకే కొత్త లారీ కొనాల్సి వచ్చినప్పుడు యర్రయ్యకి ముందు ఆయనే గుర్తొచ్చారు. తన మీద గెలిచినవాడు తన పక్షాన ఆడితే ఇంకేం కావాలి?

యర్రయ్య జొహోరులో తోటల్లో పుట్టినవాడు. వయసులో ఉండగా సముద్రం మీది వంతెన దాటి ఇటు సింగపూరుకి వచ్చాడు. క్రాంజీ తోటల నుంచి అరిటాకులు, కరివేపాకు, తమలపాకులు ఎత్తుకుని కొట్లకీ, గుళ్ళకీ వేయడం అతని పని. పక్క సీట్లో ఎప్పుడూ భార్య రాజామణి. ఆకులు కట్టలు కట్టేదీ ఆమే, ఫోన్లు ఎత్తేదీ ఆమే, ఏ సందులో తిరగాలో చెప్పేదీ ఆమే. ఏడాదిగా ఆమె మోకాలు మొరాయిస్తోంది. లారీ ఎక్కాలంటే ఆకుల బుట్ట ఒకటి బోర్లించి, దాని మీద నిలబెట్టి, యర్రయ్య నడుం పట్టి పైకి తోయాలి. మొన్నొకరోజు ఆ బుట్ట జారింది. దెబ్బ పెద్దది కాదు గానీ రాజామణి ఆ రోజు ఒక మాట అంది.

"ఇంక నానొద్దులే. ఇంటికాడ ఉంటాను. నువ్వెళ్ళిరా."

ఆ మాటకి యర్రయ్యకి అన్నం సహించలేదు. ఆమె లేకుండా ఆ ఖాళీ సీటు పక్కన పెట్టుకుని రోజంతా తిరగడం అనే ఊహకే అతనికి భయం వేసింది. పాత లారీకి మెట్టు బిగిద్దామంటే, కింద ఇనుమంతా తుప్పు, మెట్టు నిలవదని షెడ్డువాడు తేల్చేశాడు. దాని పర్మిట్ కూడా వచ్చే నెలతో ఆఖరు. డబ్బు కడితే ఇంకో ఐదేళ్ళు పొడిగిస్తారు, కానీ రాజామణి ఎక్కలేని లారీకి ఎన్నేళ్ళు పొడిగిస్తే ఏం లాభం? వెతగ్గా వెతగ్గా ఒక షోరూమ్‌లో దొరికింది. తలుపు కింద వెడల్పాటి మెట్టు, పట్టుకోవడానికి నిలువు కడ్డీ బిగించిన లారీ. అది చూడగానే యర్రయ్య మనసు పారేసుకున్నాడు.

ఈ శనివారం రాజామణిని ఎక్కించి చూపిద్దామనే తీసుకొచ్చాడు. తీరా వచ్చేసరికి షోరూమ్ గుమ్మంలో, బేరానికి రమ్మన్న రావుగారు గొడుగు పుచ్చుకుని అప్పటికే సిద్ధంగా ఉన్నారు.

"పరాయి మగాడి ముందు నన్ను మూటలాగ దించుతావేటి?" అంది రాజామణి. "అటు మూలకి ఆపు. బేరం కుదిరినాక చూస్తాను. నానున్నాననీ, నా మోకాలి సంగతీ ఆయనకి సెప్పకు."

కాబట్టి రాజామణి పార్కింగ్ మూలలో, అద్దం దించుకుని, ఒళ్ళో కరివేపాకు పోసుకుని కూర్చుంది. యర్రయ్య తర్వాత దించడానికని బుట్ట టైరు పక్కన బోర్లించి, ఒక్కడే లోపలికి వెళ్ళాడు.

షోరూమ్‌లో టాన్ అనే ఆయన వాళ్ళని కూర్చోబెట్టి నీళ్ళ సీసాలు పెట్టాడు. నెమ్మదైన మనిషి. యర్రయ్య నేరుగా తను మెచ్చిన లారీ దగ్గరికి వెళ్ళి మెట్టు మీద చెయ్యేశాడు. రావుగారు గబగబా వచ్చి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు.

"ఏవండీ, మీరు దాని దగ్గరికెళ్ళకండి! మొహంలో ఇష్టం కనబడిందా, ధర ఇక దిగదు. నోరు కూడా తెరవకండి. నేను చూసుకుంటాగా."

సరే, నోరు మూసుకున్నాడు. అక్కణ్ణుంచి అతనికి అయోమయం మొదలైంది.

టాన్ ఒక ధర చెప్పాడు. అది లారీ ధర అనుకున్నాడు యర్రయ్య. కాదట, అందులో సగానికి సగం లారీయే కాదట. ఈ ఊళ్ళో బండి కొంటే సరిపోదు, దాన్ని పదేళ్ళు రోడ్డు మీద తిప్పుకునే హక్కు వేలంలో కొనాలి. సి.ఓ.ఈ. అనే ఆ హక్కు ధర వేలం వేలానికీ మారుతుంది. హక్కు తప్పకుండా తెచ్చిపెడతామంటే ఒక ధర, ప్రయత్నిస్తాం, దొరక్కపోతే మళ్ళీ చూద్దామంటే ఇంకో ధర. పాత లారీ ఇచ్చేస్తే ఒకటి, ఇవ్వకపోతే ఒకటి. తమ దగ్గరే అప్పు తీసుకుంటే లారీ చవక, అప్పు ప్రియం. ఆకుకందని, పోకకి పొందని లెక్కలు.

రావుగారు మాత్రం చొక్కా చేతులు మడిచారు. పాత లారీకి ఇంకాస్త వెయ్యమన్నారు. టాన్ వేశాడు. యర్రయ్య సంతోషించేలోపు కొత్త లారీ మీద తగ్గిస్తానన్నది మాయమైంది. అక్కడ తగ్గించమంటే వడ్డీ లేచింది. దూది పరుపు ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబ్బినట్టుంది వ్యవహారం. ధర తగ్గుతోందో పెరుగుతోందో యర్రయ్యకి తెలియలేదు. రావుగారు నవ్వినప్పుడు తగ్గినట్టు, మూలిగినప్పుడు పెరిగినట్టు లెక్క వేసుకున్నాడు. ఒకసారి రావుగారు నవ్వుతూ మూలిగారు. దాంతో ఆ లెక్కా పోయింది.

"నాకు పెనింగ్ వచ్చేస్తాంది సార్," అన్నాడు జొహోరు మలాయి మాటలో, కణతలు నొక్కుకుంటూ.

"తిరిగితే తిరగనివ్వండి తల. మీకు తల తిరిగితే ఆ టాన్ గెలిచినట్టు కాదు, నాకు తిరిగితేనే గెలిచినట్టు." రావుగారు టాన్ వైపు తిరిగారు. "మిస్టర్ టాన్, లిస్ట్ ప్రైస్ ఎవరిస్తారండీ? ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ చెప్పండి."

టాన్ ఓపిగ్గా చెప్పాడు. రావుగారు ఒక్కొక్కటే కోసుకుంటూ పోయారు. వెనక కెమెరా ఎందుకు, అద్దంలో చూసుకుంటాడు, తీసెయ్యండి. సీటు కవర్లు మేం వేసుకుంటాం, తీసెయ్యండి. పక్క మీద కంపెనీ పేరు రాయడం, తీసెయ్యండి.

"సైడ్ స్టెప్, గ్రాబ్ హ్యాండిల్," అన్నాడు టాన్.

యర్రయ్య కుర్చీ అంచుకి జరిగాడు.

"మెట్టా?" రావుగారు యర్రయ్య వైపు తిరిగి తెలుగులోకి దిగి నవ్వారు. "లారీకి మెట్టెందుకండీ? మనకేమన్నా కాళ్ళు లేవా? ఊరికే డబ్బులు గుంజే పని." మళ్ళీ టాన్ వైపు తిరిగి, "రిమూవ్," అన్నారు.

యర్రయ్య నోరు తెరిచాడు. మూశాడు. ఇంత పెద్ద ఉద్యోగి, శనివారం పూట, పైసా ఆశించకుండా వచ్చి తన కోసం గొంతు చించుకుంటున్నారు. ఆయన కొట్టేసినదాన్ని పరాయివాడి ముందు ఎలా కాదంటాడు? చెప్పాలంటే మోకాలి సంగతి చెప్పాలి, బుట్ట సంగతి చెప్పాలి, చెప్పనని రాజామణికి మాటిచ్చి వచ్చాడు. కాసేపాగి చెబుదాంలే అనుకున్నాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళకి ఒక మోటు సామెత ఉంది, ఇక్కడ రాసేది కాదు. అక్కణ్ణుంచి ధర దిగిన ప్రతిసారీ రావుగారు తొడ మీద చరిచారు, యర్రయ్య లోలోపల కుంగిపోయాడు. చవగ్గా వస్తున్నకొద్దీ ఆ లారీ అతనికి అక్కర్లేనిదైపోతోంది. చవక అయితే మంచిదేగా? మంచిదైతే తనకి ఏడుపెందుకొస్తోంది? అదీ అతనికి అంతు పట్టలేదు.

ఆఖరికి టాన్ ఒక అంకె దగ్గర ఆగాడు. "దిస్ వన్ రియల్లీ బెస్ట్ ప్రైస్ లా, సర్."

"ఇంకా దిగుతాడు," అని రావుగారు యర్రయ్య చెవిలో గొణిగారు. "ఇప్పుడు లేచి పోదాం. గుమ్మం దాటకముందే వెనక్కి పిలుస్తాడు. తెనాలిలో చెప్పుల కొట్టు నుంచి బంగారం కొట్టు దాకా ఈ ఎత్తు నాకెప్పుడూ తప్పలేదు."

"పోవడం ఎందుకు సార్? ఇక్కడే..."

"లేవండి!"

లేచారు. టాన్ కూడా మర్యాదగా లేచి నిలబడ్డాడు. "ఓకే సర్, థింక్ అబౌట్ ఇట్. టేక్ కేర్, అంకుల్." గాజు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. రావుగారు నడక తగ్గించారు. పిలుపు రాలేదు. వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నారు. రాలేదు. వెనక తలుపులు వాటంతటవే మూసుకున్నాయి.

"ఇదేంటండీ," అన్నారు రావుగారు, మొదటిసారి ఆయన గొంతులో కూడా అయోమయం పలికింది. "నిజంగా వెళ్ళిపోమన్నాడా ఏంటి?"

బయట జల్లు మొదలైంది. ఆయన చూరు కిందుగా పార్కింగ్ వైపు నడిచారు. అటు వెళితే రాజామణి కనబడుతుంది. ఆపే లోపలే మూలలో లారీ కిటికీలోంచి తల బయటికొచ్చింది.

"సుడాయా? అయిపోనాదా, బేరం కుదిరిపోనాదా?"

"మీరిక్కడే ఉన్నారా రాజామణిగారూ!" అన్నారు రావుగారు. "ఇంతసేపూ లారీలోనే కూర్చున్నారా? లోపలికి రావాల్సింది, చల్లగా ఉంది."

"ఇక్కడే బాగుంది సార్," అంది రాజామణి, చెమట తుడుచుకుంటూ.

ఇంతలో వెనక నుంచి పరుగు చప్పుడు. టాన్! తల మీద ఫైలు అడ్డం పెట్టుకుని వానలో పరిగెత్తుకొస్తున్నాడు. రావుగారి మొహం వెలిగిపోయింది. "చూశారా? నే చెప్పలా? కాస్త ఆలస్యమైంది గానీ వచ్చాడు. ఇప్పుడు మీరు అసలు మాట్లాడకండి."

టాన్ వచ్చి, ఒగరుస్తూ, రావుగారి చేతిలో ఆయన గొడుగు పెట్టాడు. "సర్, యువర్ అంబ్రెల్లా." రాజామణికి తల వంచి నమస్కరించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

రావుగారు గొడుగు వైపు చూస్తూ ఉండిపోయారు.

రాజామణి టాన్ వెళ్ళిన వైపు చూసి ఆశగా అంది. "ఈయనేనా? మెట్టు చూపించినాడన్నావు, ఈయనేనా? నానెక్కగలనా, ఎలాగుంది మెట్టు?"



"మెట్టా?" అన్నారు రావుగారు. లారీ తలుపు వైపు చూశారు. అది ఆయన ఛాతీ ఎత్తున ఉంది. రాజామణి కాలికి చుట్టిన గుడ్డపట్టీ చూశారు. టైరు పక్కన బోర్లించి ఉన్న నీలం ప్లాస్టిక్ బుట్టని, దాని మీద సొట్టని చూశారు. గొడుగు చేతిలోనే ఉంది, తడుస్తున్నారు, తెరవాలని తోచలేదు.

"ముందే చెప్పచ్చుగా యర్రయ్యగారూ?"

"ఏటని చెప్పను సార్? మనకి కాళ్ళు లేవా అన్నారు మీరు."

రావుగారికి చెంప మీద కొట్టినట్టయింది. మరుక్షణం ఆయన షోరూమ్ వైపు పరుగు తీశారు. "మిస్టర్ టాన్! మిస్టర్ టాన్! వెయిట్!" కొట్లోంచి లేచిపోయిన కొనేవాడు అమ్మేవాణ్ణి పిలుస్తూ వెనక పరిగెత్తడం తెనాలి చరిత్రలో లేదు.

తర్వాత యర్రయ్య బుట్ట సర్ది రాజామణిని దించుతుంటే, రావుగారు గొడుగు తెరిచి ఆమె మీద పట్టి, మొహం మాత్రం రోడ్డు వైపు తిప్పుకుని నిలబడ్డారు.

లోపల మళ్ళీ కూర్చున్నారు. మెట్టు, కడ్డీ తిరిగి వేస్తే ప్యాకేజీ మొత్తం మారుతుందన్నాడు టాన్. మారితే మొదట చెప్పిన ధరకి ఇంచుమించు దగ్గరికే పోతుంది. అంటే మధ్యాహ్నమంతా పడ్డ కష్టం గంగలో కలిసినట్టే. రావుగారు బేరానికి నోరు తెరిచారు. టాన్ గది గాజు గోడ అవతల, మెట్టున్న లారీ పక్కన రాజామణి కడ్డీని తడుముతూ కనబడింది. నోరు మూశారు.

"ఓకే," అన్నారు. ఆ మాట ఆయన నోటికే కొత్తగా తోచింది.

ముగ్గురూ లారీ దగ్గరికి వెళ్ళారు. రాజామణి కడ్డీ పట్టుకుంది. యర్రయ్య అలవాటుగా వెనక నిలబడి రెండు చేతులూ చాచాడు. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టింది, ఆగింది, ఊపిరి తీసుకుంది, రెండోది పెట్టింది. పైకెళ్ళి సీట్లో కూర్చుంది. యర్రయ్య చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో అతనికి కాసేపు తెలియలేదు. కళ్ళు మసకబారాయి, తుడుచుకోవడానికైనా ఆ చేతులు పనికొచ్చాయి.

"ఏటలా నిలబడ్డావు?" అంది రాజామణి పైనుంచి, సొంత లారీలో కూర్చున్నంత దర్జాగా. "అటునుంచి ఎక్కు. ఎలాగుంటుందో చూద్దాం."

యర్రయ్య చుట్టూ తిరిగి డ్రైవరు వైపు వెళ్ళాడు. అటు మెట్టు లేదు. తలుపు పట్టుకుని కాలెత్తాడు. అందలేదు, దింపి మళ్ళీ ఎత్తాడు. మోకాలు టక్కుమంది. రాజామణి విని గబుక్కున అటు తిరిగింది. యర్రయ్య ఏం జరగనట్టు నవ్వబోయాడు. కానీ ఈసారి రావుగారు చూస్తూనే ఉన్నారు.

ఆయన చొక్కా చేతులు మళ్ళీ మడిచారు.

"మిస్టర్ టాన్, మీరడిగిన ధర ఇచ్చాం. ఇప్పుడు మా కొసరు ఏదీ?"

"సారీ సర్? కొ... వాట్?"

కొసరుని ఇంగ్లీషులో ఏమనాలో రావుగారికి తట్టలేదు. డ్రైవరు తలుపు కింద ఖాళీ చోటు చూపించారు. "హియర్. వన్ మోర్ స్టెప్. ఫ్రీ. నో డిస్కషన్."

టాన్ ఆ ఖాళీని చూశాడు. ఇంకా సగం పైకి, సగం కిందకి వేలాడుతున్న యర్రయ్యని చూశాడు.

"కెన్," అంటూ అలాగేనని తలూపాడు.

ఆ లారీ ధర సరైనదో కాదో యర్రయ్యకి ఈ రోజుకీ తెలియదు. తను ఆకులు వేసే హౌగాంగ్ కొట్లవాళ్ళకి చెబితే సగంమంది మోసపోయావంటారు, సగంమంది కొట్టేశావంటారు, వింటుంటే మళ్ళీ పెనింగ్ వస్తుంది. అందుకని ఇప్పుడు ఎవరైనా ఎంత పడిందని అడిగితే అంకె చెప్పడం మానేశాడు.

"రెండు వైపులా మెట్లున్నాయి," అంటాడు.