లక్క మీద పడుకున్న ఇనుము

మీరా మొహిద్దీన్ చెబితే ఇనుము వింటుందని నెల్లూరులో అనుకునేవాళ్ళు. ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మినవాడు మీరా మొహిద్దీనే. పద్మనాభయ్య గారి వర్క్‌షాపులో పద్నాలుగేళ్ళుగా మేస్త్రి. కొడవలూరులో రైసుమిల్లు ఆగినా, విడవలూరులో ఆయిల్ ఇంజను మొరాయించినా ముందు అతనికే కబురొచ్చేది. షాపు గోడకు ఒక నల్లబల్ల ఉండేది. పూర్తయిన పని పేరు, దాని పక్కన ఆ పని చేసిన మేస్త్రి పేరు సుద్దముక్కతో రాయడం అక్కడి ఆనవాయితీ. ఏ నెల చూసినా బల్ల నిండా మొహిద్దీన్ పేరే. ఒకవేళ వేరే పేరు కనిపిస్తే అతనికి ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆ షాపులో ఒక పాత మిల్లింగ్ మిషను ఉండేది. గూడూరు వైపు మూతబడ్డ ఒక అభ్రకం గని సామాన్లలో పద్మనాభయ్య గారు కొనుక్కొచ్చింది. పొడుగాటి ఇనప బల్ల, దాన్ని అటూ ఇటూ జరపడానికి చేతి చక్రాలు, బల్ల మీద బిగించిన ఇనుమును పొరలు పొరలుగా గీకేసే పళ్ళ కట్టరు. ఆ మిషను మీద ఇంకెవరైనా చెయ్యి వేస్తే, అడక్కుండా తన జేబులో చెయ్యి పెట్టినట్టు చూసేవాడు మొహిద్దీన్.

అంతటివాణ్ణి, అరవై మూడు జూన్‌లో, మూరెడు పొడుగున్న ఇనప బద్ద ఒకటి మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆసుపత్రిలో ఆయాగా చేసే రెబెక్కమ్మ ఒక సోమవారం పొద్దున కూతుర్ని రిక్షాలో షాపుకు తీసుకొచ్చింది. కూతురు నవోమికి ఇరవై మూడేళ్ళు. మూడో ఏట పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. ఆసుపత్రి దొరసాని డాక్టరు తన దేశం నుంచి తెప్పించి ఇచ్చిన ఇనప కట్టు తొడుక్కుని ఇన్నాళ్ళూ నడిచింది. తొడకు అటొకటి ఇటొకటి రెండు సన్నటి బద్దలు, మోకాలి దగ్గర కీలు, ఒక్కో బద్ద మీద అటూ ఇటూ జారే రింగు. నిలబడగానే రింగు జారి కీలు మీద టక్కున పడితే మోకాలు బిగుసుకుంటుంది. కూర్చోవాలంటే రింగు పైకి లాక్కోవాలి. మే నెలలో బస్సు దిగుతుంటే ఒక బద్ద విరిగింది, రెండోది మెలిక పడింది. డాక్టరమ్మ ఉద్యోగం చాలించుకుని ఎప్పుడో వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. కమ్మరి ఒకాయన కొత్త బద్దలు కొట్టిచ్చాడు గానీ, ఆ బరువుతో నవోమి కాలు గడప దాటలేదు.

"విడవలూరు బడిలో టీచరుద్యోగం వచ్చింది మేస్త్రీ గారూ. వచ్చే సోమవారం చేరకపోతే ఆర్డరు రద్దయిపోతుంది," అంది నవోమి. "రెండు కర్రల మీద పోగలను, దానికేం. రెండు చేతుల్లో కర్రలుంటే సుద్దముక్క ఎవురు పట్టుకుంటారు?"

మొహిద్దీన్ విరిగిన బద్దను గోటితో గీకి చూసి, నవ్వి పారేశాడు.

"ఇదేమంత పని తల్లీ. గురువారం వచ్చి తీసుకుపో."

మద్రాసు నుంచి తెప్పించిన మంచి ఉక్కు బద్దలు షాపులో సరిగ్గా నాలుగున్నాయి. మళ్ళీ కావాలంటే పదిహేను రోజులు. నవోమికి కావలసినవి రెండు. ఒక్కొక్కటీ మూడు నూళ్ళ మందం, అంటే అంగుళాన్ని ఎనిమిది వంతులు చేస్తే అందులో మూడు. దాన్ని సగానికి గీకితే బరువూ సగమవుతుంది. లెక్క అంతే. మొదటి బద్దను మిషను బల్ల మీద పెట్టి, చివర్లలోనూ మధ్యలోనూ బిగించి గీకాడు. బల్ల మీద ఉన్నంతసేపూ అద్దంలా ఉంది. బిగింపులు విప్పగానే బద్ద నడుము పైకి లేపింది. దాని కింద చిటికెనవేలు దూరేంత సందు.

బిగింపు చాల్లేదనుకున్నాడు మొహిద్దీన్. రెండోదాన్ని ఇంకో రెండు చోట్ల బిగించి, పానాను ఒళ్ళంతా ఊగేలా లాగి, మళ్ళీ గీకాడు. అది మొదటిదానికంటే ఎక్కువ వంగింది. సుత్తి పుచ్చుకుని కొట్టి కొట్టి తిన్నగా చేశాననిపించుకున్నాడు.

గురువారం నవోమి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఆ బద్ద మీదికి రింగు తొడిగి వదిలింది. రింగు మూడుచోట్ల ఆగింది. వేలితో తోస్తే తప్ప కదల్లేదు.

"ఇది తొడుక్కుని బోర్డు దగ్గర నిలబడితే పిల్లల ముందు పడతాను," అంది మెల్లగా. అతని ముఖం చూసి, "పర్వాలేదు మేస్త్రీ గారూ. నేను ప్రార్థన చేసుకుంటా ఉండా. మీ చేతుల్ని దేవుడు దీవిస్తాడు," అని కర్రలు తీసుకుంది.

తిట్టి ఉంటే బాగుండేది. నమ్మి వెళ్ళిపోవడం మొహిద్దీన్‌కు గుండెలో ముల్లులా దిగింది.

శుక్రవారం నమాజు చేసుకుని ఆ వంకర బద్ద పట్టుకునే ఇంటికొచ్చాడు. భార్య జైతూన్‌బీ అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది. అతను ముద్ద కలపకుండా బద్దను చూస్తూ కూర్చున్నాడు.

జైతూన్‌బీ పుట్టిల్లు లక్కగాజులు చేసే ఇల్లు. తండ్రి పక్కన కూర్చుని ఎనిమిదేళ్ళకే గాజు వంచినమ్మాయి. పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు చేసింది. "మేస్త్రి పెళ్ళాం కుంపటి ముందర కూర్చుని గాజులమ్మేదేంది, నలుగురూ నవ్వరా?" అని మొహిద్దీన్ ఒకరోజు అన్నాడు. ఆమె ఆ రోజే కుంపటీ లక్కా పనిముట్లూ మూటగట్టి అటకెక్కించింది. నలుగురూ నవ్వుతారని అతనికి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు.

"పులుసు చల్లారిపోతా ఉండాది. ఏం చేసినారో చెప్పండి ముందు," అంది ఆమె.

చెప్పాడు. ఆమె అంతా విని, లేచి, కొబ్బరి చీపురులోంచి వంకర ఈనె ఒకటి లాగింది. నేల మీద పెట్టి రెండు చేతులా అణిచింది.

"ఇప్పుడు తిన్నగా ఉండాదా?"

"ఉండాది."

చేతులు తీసేసింది. ఈనె లేచి ముందులాగే వంకరగా నిలిచింది.

"నేను అణిచినంతసేపే అది నా మాట వింటుంది. మీ బద్ద కూడా అంతే గదా. మీరు బిగించి అణిచేది ఒక వంకర, ఒక పక్కే గీకితే అది పడేది ఇంకో వంకర."

"ఇది గాజుల పని కాదే, మిల్లింగ్ మిషను," అన్నాడు మొహిద్దీన్. అనడమైతే అన్నాడు గానీ, చూపు ఈనె మీది నుంచి తిప్పుకోలేకపోయాడు.

"గాజుల పనే చెప్తా ఉండా. మా నాయన పల్చటి ఇత్తడి రేకు అరగదియ్యాలంటే యాడా బిగించేవాడు కాదు. లక్కలో గుగ్గిలం, ఇటికపొడి కలిపి కరిగించి పలక మీద పోసి, దాని మీద రేకును పడుకోబెట్టేవాడు. వంకరుంటే వంకరగానే. కిందున్న సందుల్లోకి లక్కపోయి కూర్చుంటుంది. ఆరినాక రేకు కదలదు, దాన్ని ఎవురూ నొక్కడం లేదు కూడా. ఈ పక్క రవ్వంత తీసి, కాచి తిరగేసి, ఆ పక్క రవ్వంత. రెండు పక్కలా సమంగా తీస్తే అది ఎటు వంగాలో తెలీక తిన్నగా ఉంటుంది."

మొహిద్దీన్ పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. అన్నం మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని, అటక వైపు చూస్తూ అడిగాడు.

"ఆ మూట దించేదా?"

"పన్నెండేళ్ళకు అడిగినారు," అంది జైతూన్‌బీ. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

శనివారం ఆమె కుంపటితో సహా వర్క్‌షాపుకు వచ్చింది. పెళ్ళయినాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. పద్మనాభయ్య గారు కళ్ళజోడు సర్దుకుని చూసి, ఎందుకైనా మంచిదని ఏమీ అడగలేదు. ఫిట్టరు హజరత్తయ్య మాత్రం ఊరుకోలేదు.

"ఏంది మేస్త్రీ, మిషనుకు గాజులు తొడిగిస్తా ఉండావా?"

"తొడిగిస్తాను. నీకూ చెయ్యి చాపాలనుంటే చెప్పు," అన్నాడు మొహిద్దీన్.

మందపాటి ఇనప పలకను కుంపటి మీద కాచారు. జైతూన్‌బీ లక్క కరిగించి దాని మీద సమంగా పరిచి, కాచిన మూడో బద్దను గుడ్డముక్కతో పట్టుకుని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టింది. మొహిద్దీన్ అలవాటు కొద్దీ బొటనవేలితో అణచబోయాడు. ఆమె అతని చేతి మీద చిన్నగా కొట్టింది.

"నొక్కొద్దన్నానా."

హజరత్తయ్య నవ్వు ఆపుకోవడానికి ఇంజను వెనక్కి వెళ్ళాడు.

లక్క గట్టిపడ్డాక పలకను మిషను బల్లకు బిగించి కట్టరు తిప్పారు. మొహిద్దీన్‌ది పాత తొందరే. బల్లను కాస్త గట్టిగా తోశాడు. కట్టరు సగం దూరం పోయిందో లేదో, జైతూన్‌బీ ముక్కు ఎగబీల్చింది.

"ఆపండి. లక్క మెత్తబడతా ఉండాది."

"నాకేం కనపడడం లా."

"కనపడదు. వాసనొస్తా ఉండాది. ఆపండి."

ఆపాడు. వంగి చూస్తే బద్ద వెంట్రుకవాసి పక్కకు జరిగింది. ఇంకో క్షణం ఆపకుండా ఉంటే కట్టరు దాన్ని లేపి గోడకు విసిరేది. అప్పుడు మిగిలేది ఒక్కటే బద్ద, నవోమికి కావలసినవి రెండు. మొహిద్దీన్ చక్రం వదిలి జైతూన్‌బీ వంక చూశాడు. ఈ మనిషిని, ఈ ముక్కును, ఇన్నేళ్ళూ వంటింట్లో కూర్చోబెట్టి నేను గొప్ప మేస్త్రిననుకున్నానా అనుకున్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే, ఇవాళ ఆమె పక్కన ఉన్నందుకు కళ్ళు చెమ్మగిల్లేంత సంతోషమూ కలిగింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. సబ్బునీళ్ళు చుక్కలు చుక్కలుగా పోస్తూ, కాగితమంత పొర మాత్రమే తీస్తూ, చక్రం నెమ్మదిగా తిప్పుతూ. రవ్వంత తియ్యడం, పలక కాచడం, తిరగెయ్యడం, ఆరనివ్వడం, మళ్ళీ రవ్వంత. అతను కట్టరు చూసుకుంటే ఆమె లక్క చూసుకుంది. సాయంత్రానికి ఒక బద్ద అయింది. విడదీసి రాతిబల్ల మీద పెడితే కింద సిగరెట్టు కాగితం కూడా దూరలేదు. ఆదివారం షాపుకు సెలవు. పద్మనాభయ్య గారు తాళాలిచ్చి, "నాలుగోది జాగ్రత్త," అన్నారు. ఆ మాట ఆయన మొహిద్దీన్‌తో అనలేదు, జైతూన్‌బీతో అన్నారు.

నాలుగో బద్దనూ అదే తీరున గీకి, రెంటినీ కీళ్ళతో కట్టుకు అమర్చేసరికి ఆదివారం మూడు గంటలైంది. అప్పుడే, చర్చి ముగించుకుని భోజనం కూడా చేయకుండా తల్లీకూతుళ్ళు వచ్చారు. పద్మనాభయ్య గారు, సెలవుపూట కూడా ఉండబట్టలేక హజరత్తయ్య, అక్కడే నిలబడ్డారు. నవోమి మూలన దుప్పటితో కట్టిన తెర వెనక కట్టు తొడుక్కుంది. టక్, టక్ అని రెండు రింగులూ ఒకదాని వెంట ఒకటి పడ్డ చప్పుడు వినిపించింది.

నవోమి తెర పక్కకు తీసి బయటికి వచ్చింది. కర్రలు స్టూలుకు ఆనించే ఉన్నాయి. ఒక అడుగు, రెండడుగులు, మిషను దాకా ఏడడుగులు. రెబెక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మీ మేలు నేను బతికినన్నాళ్ళూ మర్చిపోను మేస్త్రీ గారూ," అంది నవోమి.

మొహిద్దీన్ జైతూన్‌బీ వైపు చెయ్యి చూపాడు. పెద్ద ఇంజన్లను విప్పి బిగించిన మనిషికి నాలుగు మాటలు బిగించడం కష్టమైంది.

"నేను గీకినాను, అంతే తల్లీ. గీకడం నాకు ముందు నుంచీ వచ్చు, రెండు బద్దలు గీకి గీకి పాడు చేసినా గదా. తిన్నగా వచ్చింది ఈమె వల్ల. ఈమె పని నేనే పన్నెండేళ్ళు మూటగట్టి అటక మీద పెట్టించినా. అయినా నా మీద కోపం పెట్టుకోకుండా వచ్చింది. నీకంటే ముందు నేనే చెప్పుకోవాల ఈమెకు."

జైతూన్‌బీ తల వంచుకుని, చల్లారిన కుంపటిని అనవసరంగా సర్దింది.

నవోమి గోడ మీది నల్లబల్ల చూసింది. నడిచి వెళ్ళి, దాని కింద పెట్టిన సుద్దముక్క తీసుకుంది. ఒక చెయ్యి బల్ల అంచు మీద, ఇంకో చేతిలో సుద్దముక్క. ‘కాలికట్టు బద్దలు, రెండు’ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. దాని పక్కన చోటు వదిలి, "మేస్త్రి పేరు ఏమని రాయను?" అని అడిగింది.

మొహిద్దీన్ చెప్పాడు. రాసింది.

జైతూన్‌బీకి చదువు రాదు. దగ్గరికి వెళ్ళి ఆ తెల్లటి అక్షరాల వంక తేరిపార చూసింది.

"మీ పేరేనా?" అని మొగుణ్ణి అడిగింది.

"కాదు. జైతూన్‌బీ అని రాసుండాది."

"దాని తర్వాత ఇంకా ఏందో ఉండాదే."

అతను ఆ మాట మీద వేలు పెట్టి, చెరిగిపోకుండా ఆనీ ఆననట్టు పెట్టి, చదివి వినిపించాడు.

"మేస్త్రి."