తలుపవతల వినపడకుండా

లోర్నా డానట్ ఇంట్లో పగలూ రాత్రీ ఒక చప్పుడు ఆగకుండా ఉండేది. ముందుగదిలో సోఫా పక్కన పెట్టిన ఆక్సిజన్ మిషను చప్పుడు. గుర్రుమని గాలి లాక్కునేది, బుస్సుమని వదిలేది. దాంట్లోంచి సన్నటి గొట్టం బయల్దేరి, తివాచీ మీద మెలికలు తిరిగి, ఆమె చెవుల వెనకనుంచి ముక్కు దాకా వచ్చేది. ఊపిరితిత్తులు నానాటికీ గట్టిపడిపోయే జబ్బు ఆమెది. డాక్టర్లు దానికేదో బారెడు పేరు చెప్పారు. పక్కింటి పాట్సీ మాత్రం, “నీ తిత్తులు చెప్పుల అట్టలైపోయాయే పిల్లా” అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

గ్రిమ్స్‌బీ అనే ఇంగ్లీషు రేవుపట్నంలో పుట్టి పెరిగిన మనిషి లోర్నా. స్కూలు వదిలిన దగ్గర్నుంచీ రేవు పక్కన చేపల ఫ్యాక్టరీలో పనిచేసింది. మంచుముక్కల్లో చేతులు పెట్టి, ముళ్ళు తీసి, పెట్టెలు నింపి, ఒకరికి పైసా బాకీ లేకుండా బతికిన బాపతు మనిషి. అద్దె, కరెంటు, పన్ను, జీతం రాగానే ముందు అవి పక్కన పెట్టి, మిగిలిందాంతో తినేది. భర్త పోయాక కూడా ఆ లెక్క తప్పలేదు.

జబ్బు ముదిరి ఫ్యాక్టరీ మానేశాక తప్పింది. జీతం ఆగింది. ప్రభుత్వం ఇచ్చే భత్యం మొదలవడానికి నెలలు పట్టింది. ఆ మధ్యలో సగం రోజులు ఆమె ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఊరి కౌన్సిల్‌కి కట్టాల్సిన ఇంటిపన్ను ఒక వాయిదా తప్పింది, ఇంకోటి తప్పింది, ఆపైన మొత్తం ఒకేసారి కట్టమన్నారు. రాబడి లేనివాళ్ళకి పన్నులో తగ్గింపు ఉంటుంది, కాకపోతే అది అడిగినవాళ్ళకే. అడగాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె వార్డులో ముక్కుకి గొట్టంతో పడుకుని ఉన్న రోజునే కోర్టులో ఆమె పేరు చదివి, ఆమె లేకుండానే తీర్పిచ్చేశారు. వసూలు బాధ్యత ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. వాళ్ళ ఖర్చులు కూడా ఆమె బాకీలోనే కలిశాయి.

ఫోన్ చేయలేదా అంటే, చేసింది. కౌన్సిల్‌కి చేస్తే పాట వేసి నిలబెట్టారు. ఎట్టకేలకు ఒకమ్మాయి పలికే వేళకి, ఎదురుచూపులోనే లోర్నా ఊపిరి సగం ఖర్చైపోయింది. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. ఆ అమ్మాయి, కొంచెం గట్టిగా మాట్లాడండి, వినపడటం లేదంది. గట్టిగా మాట్లాడగలిగితే ఈ ఫోన్ ఎందుకు చేస్తానమ్మా అనాలనుకుంది లోర్నా. అనడానికి ఊపిరి చాల్లేదు. చివరికి ఆ అమ్మాయి, కేసు మా చేతులు దాటిపోయింది, కంపెనీతోనే మాట్లాడుకోండని పెట్టేసింది. కంపెనీ ఫోన్‌లో మిషనే మాట్లాడింది, ఏ అంకె నొక్కితే డబ్బు కట్టొచ్చో చెప్పి ఊరుకుంది.

తర్వాత మనిషే వచ్చాడు. వేన్ కటిల్ అని పేరు. నల్లకోటు, ఛాతీ మీద చిన్న కెమెరా, వీధిలో తెల్లటి వ్యాను. జప్తు మనిషిని ఆ వీధిలో అందరూ వాసన పట్టేస్తారు. అప్పటికే పాట్సీ హెచ్చరించి ఉంది. ఆమె చెల్లెలి ఇంటికి ఇలాంటివాడే వచ్చి టీవీ, సోఫా పట్టుకుపోయాడు. “తలుపు మాత్రం తీయకే. తియ్యనంతసేపూ వాడేం చెయ్యలేడు. గడియ పెట్టలేదో, నువ్వు పిలిచినట్టే లెక్క. లోపలికొచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు. అది పెట్టావంటే, ఆ తర్వాత వాయిదా ఒక్కటి తప్పినా తలుపు బద్దలుకొట్టుకుని రావచ్చు వాడు” అని చెప్పింది.

అందుకే మొదటిసారి వేన్ తలుపు కొట్టినప్పుడు లోర్నా తీయలేదు. గోడ పట్టుకుని నడవలోకి వెళ్ళి, ఉత్తరాలు వేసే కంతలోంచి, ఒంట్లో బాగాలేదు బాబూ అని మాత్రం అంది.

“అందరూ అదే అంటారమ్మా” అన్నాడు అవతలనుంచి. గొంతులో కోపం లేదు. పొద్దున్నుంచీ పది గుమ్మాల దగ్గర అదే మాట విని, అదే జవాబు చెప్పిన విసుగు. ఈసారి తాళాలు తీసేవాణ్ణి వెంటబెట్టుకొస్తానని చెప్పి, తలుపు సందులో చీటీ దూర్చి వెళ్ళిపోయాడు. అది ఉత్తుత్తి బెదిరింపని పాట్సీ ఎంత చెప్పినా లోర్నాకి నమ్మకం కుదరలేదు.

ఆ రోజు నుంచి ఆమెకి చెవులే ప్రాణమయ్యాయి. వ్యాను తలుపు దడాలున పడితే ఉలిక్కిపడేది. ముందు కర్టెన్లు పగలు కూడా తీసేది కాదు. మందులు తెచ్చే కుర్రాడికీ, నర్సుకీ, వెనక సందులోంచి రమ్మని చెప్పింది. ఇవన్నీ చేసినా ఒక్కదాన్ని దాచలేకపోయింది. అది మిషను చప్పుడు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటే అది అంత గట్టిగా వినపడేది. కంతలోంచి చెవి పెడితే మనిషి ఉందని ఇట్టే తెలిసిపోతుంది.

వేన్ రెండోసారి వచ్చినప్పుడు ఆమె చెయ్యి దానంతటదే మీటమీదికి పోయింది. మిషను ఆపేసింది. సోఫా వెనక నేలమీద కూలబడి, నోరు తెరిచి, చప్పుడు కాకుండా గాలి పీల్చుకుంది. అతను కాసేపు కొట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ మీట నొక్కేసరికి గోళ్ళు నీలం తిరిగి ఉన్నాయి. ఈ సంగతి పాట్సీకి చెప్పలేదు. చెబితే చంపేస్తుందని తెలుసు.

మరోసారి వచ్చినప్పుడు కూడా అదే చేసింది. బతికి బయటపడింది. బయటపడ్డాక, ఇంతే కదా, ఓర్చుకోవచ్చు అనిపించింది.

నవంబరులో ఒక పొద్దున, జలుబు చేసి ఆయాసం రోజుకన్నా ఎక్కువగా ఉంది. టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళి, రేడియో పెట్టి, నీళ్ళు కాగుతుంటే బల్లకి ఆనుకుని నిలబడింది. అప్పుడు తలుపు మోగింది. తట్టినట్టు కాదు, పిడికిలితో గుద్దినట్టు. రేడియో ఆపాలని తోచలేదు. మిషను ఆపాలనే తోచింది. గోడల్ని పట్టుకుంటూ ముందుగదిలోకి వచ్చి, మీట నొక్కి, సోఫా వెనక కూర్చుంది.

“రేడియో వినపడుతోంది మేడమ్” అన్నాడు వేన్ కంతలోంచి. “మీరు లోపలున్నారు. నాకు తెలుసు. ఇవాళ నేను వెళ్ళను. మాట్లాడేదాకా ఇక్కడే ఉంటా.”

ఆమె కళ్ళు మూసుకుంది. వెళ్ళిపోతాడు, ఎప్పుడూ వెళ్ళిపోతాడు అనుకుంది. అతను వెళ్ళలేదు. గుమ్మం ముందు అటూ ఇటూ నడిచాడు. ఎవరికో ఫోన్ చేసి, ఉందిలే లోపల, తీయడం లేదు అని చెప్పాడు. మళ్ళీ గుద్దాడు. రేడియోలో ఎవరో నవ్వుతున్నారు. లోర్నా ఛాతీ మీద ఎవరో బండరాయి పెట్టి, దానిమీద ఎక్కి కూర్చున్నట్టయింది. ఇక లాభం లేదు, వింటే విననీ అనుకుని మీటకోసం చెయ్యి చాచింది. సోఫాకి ఈ పక్క తనుంది, ఆ పక్క మిషనుంది. లేవబోతే కాళ్ళు లేవలేదు. పాకింది. గొట్టం తన మోకాలి కిందే పడి లాగింది. ఏదో ఒకటి పట్టుకుందామని బల్లదీపం తీగ పట్టుకుంటే, దీపం కాస్తా వచ్చి నేలమీద భళ్ళున పగిలింది.

తర్వాత జరిగింది ఆమెకి పాట్సీ చెబితేనే తెలిసింది. ఆ చప్పుడు విని వేన్ మోకాళ్ళ మీద కూర్చుని కంతలోంచి చూశాడట. తెరిచి ఉన్న ముందుగదిలో తివాచీ మీద ఒక చెయ్యి కనిపించిందట. వెంటనే పక్కింటి తలుపు బాదాడు. పాట్సీ దగ్గర వెనక తలుపు తాళంచెవి ఉంది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వెనక సందులో పరిగెత్తింది. వెనకాలే అతనూ. తలుపు తీసింది పాట్సీ. అతను ఆమె వెంటే లోపలికి వచ్చేశాడు. ఆ క్షణంలో ఎవరు వస్తున్నారని చూసే స్థితిలో లేదు ఆమె.

లోర్నాకి మళ్ళీ తెలివి వచ్చేసరికి మిషను గుర్రుమంటోంది. వీపు వెనక దిండు ఉంది. పాట్సీ ఫోన్లో అరుస్తోంది. అంబులెన్సు బయల్దేరుతుందిట, ఎప్పటికి వస్తుందో చెప్పలేరట. లోర్నా పెదాల రంగు చూసి, ఈ చివర ఇంటి నంబర్లు ఎవడికీ దొరకవు, నేను వీధిలో నిలబడతానని పాట్సీ ముందు తలుపు తీసుకుని బయటికి పోయింది. పోతూ పోతూ వేన్ వంక వేలు చూపించి, “నువ్వు ఆ గుమ్మం దాటావంటే నీ కాళ్ళిరగ్గొడతా” అంది.

అతను వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు. దగ్గరనుంచి చూస్తే లోర్నా అనుకున్నంత పెద్దవాడు కాదు. గెడ్డం కింద గీసుకున్నప్పుడు తెగిన గాటు. కళ్ళు గదంతా తిరిగాయి. టీవీ మీద ఆగాయి, అద్దాల బీరువా మీద ఆగాయి. అలవాటు పడిన కళ్ళు. చంకలోంచి పలక లాంటి కంప్యూటర్ తీశాడు. దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

“చూడమ్మా. నేను లోపలికి వచ్చేశాను. బలవంతంగా రాలేదు, తీసిన తలుపులోంచే వచ్చాను. ఇక ఈ కేసు ఇలాగే వదిలేస్తే నా తర్వాత ఇంకొకడొస్తాడు, వాడు నాలా ఉండడు. ఇక్కడ వేలితో ఒక్క సంతకం గీయండి. ఇవాళ చెంచా కూడా ముట్టుకోను. నెలనెలా కట్టుకోవచ్చు. మీ మంచికే చెప్తున్నా.”

మంచికే చెబుతున్నానని అతను నిజంగా నమ్ముతున్నాడు. అది చూసే ఆమెకి ఎక్కువ భయమేసింది. తిట్టేవాడైతే మొహం తిప్పుకోవచ్చు. మెరిసే ఆ పలక ఆమె మొహం ముందే ఉంది. గీసేస్తే అయిపోతుంది. ఈ తలుపు చప్పుళ్ళుండవు, నేలమీద దాక్కోవడాలుండవు. పడుకోవచ్చు. ఆమె వేలు లేచింది కూడా. దాని చివర ఇంకా నీలంగానే ఉంది. దాన్ని చూసుకుని ఆమె వెనక్కి తీసుకుంది.

“బాబూ” అంది. ఊపిరి తీసుకుంది. “నువ్వు తలుపు కొట్టినప్పుడల్లా...” మళ్ళీ ఊపిరి. “...నేను దీన్ని ఆపేసేదాన్ని.”

అతనికి అర్థం కాలేదు. దేన్ని అన్నాడు. ఆమె కళ్ళతో మిషను వంక చూపించింది.

“ఎందుకు?”

“నీకు వినపడకూడదని.”

అతను మిషను వంక చూశాడు. గొట్టం వెంట చూపు సాగి ఆమె ముక్కు దగ్గరికి వచ్చి ఆగింది. మొహంలో రంగు దిగిపోయింది. పలక ఇంకా ఆమె ముందే చాచి ఉందని గమనించి, వెనక్కి తీసుకుని, వెలుగు ఆర్పేశాడు.

“ఎన్నిసార్లు?” అన్నాడు.

ఆమె గొట్టాన్ని ముక్కు దగ్గర సర్దుకుంది. చెప్పే ఓపిక ఉన్నా చెప్పేది కాదేమో.

“నాకు చెప్పి ఉండాల్సింది” అన్నాడు, ఎవరిమీదో తెలియని కోపంతో. చెప్పానని ఆమె తల ఊపింది. అందరూ అదే అంటారని గుమ్మంలో అన్న మాట అతనికి గుర్తొచ్చిందో లేదో ఆమెకి తెలియదు. లేచి వెళ్ళి వంటింట్లో రేడియో ఆపేసి, అక్కడే, ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాడు.

అంబులెన్సు వచ్చేసరికి, వ్యాను సరిగ్గా గుమ్మానికి అడ్డంగా ఉంది. స్ట్రెచర్ తిరగడానికి చోటు లేదు. ఎవడిదిరా ఈ బండి అని పాట్సీ వీధి అదిరేలా అరిచింది. వేన్ తాళంచెవులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. వ్యాను వీధి చివరిదాకా వెనక్కి తీశాడు. మళ్ళీ లోపలికి రాలేదు.

ఛాతీలో నిమ్ము చేరిందన్నారు ఆసుపత్రిలో. లోర్నా చాలా రోజులు అక్కడే ఉంది. ఒక దశలో ఆమె లేవదనే అనుకున్నారు. ఆ రోజుల్లో పాట్సీ కాలు ఒకచోట నిలవలేదు. ఉచితంగా సలహా చెప్పే కేంద్రానికి వెళ్ళి, బల్ల మీద చెయ్యి చరిచి కూర్చుంది. అక్కడి ఆవిడ కంపెనీకి ఫోన్ చేసి అడిగితే తేలింది ఏమిటంటే, ఆ పొద్దునే, అంబులెన్సు వెళ్ళిన కాసేపటికే, కటిల్ అనే ఆయన కేసు వెనక్కి పంపేశాడు. మనిషి తీవ్రంగా జబ్బుతో ఉంది, వసూలుకి పోకూడదని రాశాడు. మిగతాది ఆ ఆవిడ పట్టుబట్టి సాధించింది. కౌన్సిల్ బాకీని తిరిగి తన చేతిలోకి తీసుకుంది. కంపెనీ ఖర్చులు కొట్టేశారు. ఎప్పుడో రావలసిన తగ్గింపు వెనక తేదీనుంచి ఇచ్చారు. మిగిలిన కొద్దిపాటి బాకీ భత్యంలోంచి వారం వారం కాస్త కాస్త పట్టుకుంటామన్నారు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు.

పాట్సీ అతనికి ఏ మంచీ అంటగట్టడానికి ఒప్పుకోలేదు. మిషను సంగతి విన్న రోజు ఆసుపత్రిలోనే ఏడ్చి, ఆ ఏడుపులోనే లోర్నాని చెడామడా తిట్టి, ఆ తర్వాత అతన్ని తిట్టింది.

ఏప్రిల్‌లో ఎండ కాసిన ఒక రోజు, చక్రాల కుర్చీ వెనక చిన్న సిలిండర్ తగిలించి, పాట్సీ ఆమెని క్లీథోర్ప్స్ తీరానికి తోసుకెళ్ళింది. ఆటుకి నీళ్ళు ఎక్కడో దూరంగా పోయాయి. కంటికి ఆనినంత మేరా బురద ఇసకే. కాగితం పొట్లంలో వేడి వేడి లావుపాటి బంగాళాదుంప చిప్స్, మీద వెనిగర్ చల్లుకుని ఇద్దరూ ఒక్క పొట్లంలోనే తిన్నారు.

“వాడు కేసు వెనక్కి పంపింది తన మీదికి రాకుండా ఉండడానికే” అంది పాట్సీ. “నువ్వు చచ్చిపోయుంటే కోర్టులో నిలబడాలి కదా.”

“అయ్యుండొచ్చు” అంది లోర్నా. కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుంది. “వాడు కంతలోంచి చూడకపోతే చచ్చేదాన్నే కదే.”

“వాడు రాకపోతే నువ్వు నేలమీద ఎందుకుంటావు?”

లోర్నా పొట్లంలోంచి ఇంకో చిప్ తీసుకుంది. ఆమె చాలాసార్లు అదే ఆలోచించింది. అతన్ని తలుచుకుంటే ఒకరోజు కడుపు మండేది, ఒకరోజు గెడ్డం కింద ఆ గాటు గుర్తొచ్చి జాలేసేది. రెండూ నిజమే అనిపించేది, రెండూ కలిసేవి కావు. ఇక ఆ ముడి విప్పడం మానేసింది.

సముద్రపు గాలి తగిలి పాట్సీ జుట్టంతా నిక్కబొడుచుకుంది. అది చూసి లోర్నాకి నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా పాట్సీ ఆమె వీపు నిమురుతూ నిలబడి, సందు చూసుకుని పొట్లంలో పెద్ద చిప్ నోట్లో వేసేసుకుంది.

“దొంగముండా” అంది లోర్నా.