నెత్తిన నేనుంటే జబ్బు చేసినట్టే

నేను ఒక మంకీ టోపీని. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తల, చెవులు, మెడ కప్పేసి మొహం ఒక్కటే బయటికి వదిలే ఉన్ని టోపీని చూసి నవ్వని మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు. అలా నవ్వినవాళ్లే రెండు తుమ్ములు తుమ్మగానే "ఏదీ, ఓసారి ఇలా ఇవ్వండి" అంటూ చెయ్యి చాపుతారు. అందుకని నవ్వులకి నేను బాధపడను. నా బాధ వేరే. ఉన్ని టోపీ పుట్టాల్సిన ఊరేనా కాకినాడ? డిసెంబరులో కూడా ఫ్యాను వేసుకుని పడుకుని, పొద్దున్నే లేచి "అబ్బ, ఏం చలండీ బాబూ" అనుకునే జనం వీళ్లు.

నన్ను అల్లినావిడ పేరు మంగతాయారు. ఉద్యోగస్తుల కాలనీలో ఉండే నీటిపారుదల ఆఫీసు గుమాస్తా సూర్రావు గారి భార్య. పెళ్లయిన కొత్తలో ఏదో వారపత్రికలో బొమ్మలు చూసి ముచ్చటపడి రెండు సూదులు, కాస్త ఇటుకరంగు ఉన్ని కొనుక్కొచ్చారు. నిజం చెప్పాలంటే నేను స్వెట్టరుగా మొదలయ్యాను. ఒక చెయ్యి పూర్తయ్యేసరికి ఆవిడకి విసుగొచ్చింది. పోనీ మఫ్లరు చేద్దామంటే పొడుగు చాల్లేదు. చివరికి అటు చుట్టి ఇటు కుట్టి టోపీ అనేశారు. మొహం కోసం వదిలిన కంత కాస్త ఎడమకి జరిగింది. దాంతో నన్ను పెట్టుకున్నవాళ్లు ఎప్పుడూ పక్కింట్లోకి తొంగిచూస్తున్నట్టే ఉంటారు. మంగతాయారు గారు నన్నొకసారి ఎగాదిగా చూసి, సూదులు రెండూ అటకమీద పడేసి, మళ్లీ ఉన్ని జోలికి పోలేదు.

ఆ ఏడే సూర్రావు గారికి పడిశం పట్టింది. మరీ పెద్దదేం కాదు, మూడు తుమ్ములు, ఒక దగ్గు. ఆయన మాత్రం మంచమెక్కి, నన్ను తలకి తగిలించుకుని, మూలగడం మొదలెట్టారు. వాళ్లమ్మ అచ్చియ్యమ్మ గారొచ్చి నుదురు పట్టుకు చూశారు.

"వొళ్లు చల్లగానే ఉంది కదరా! లేచెళ్లి నాలుగు వంకాయలు పట్రా" అన్నారు.

సూర్రావు గారికి ఎక్కడలేని రోషం వచ్చింది. మంచంమీద లేచి కూర్చున్నారు.

"కన్నతల్లివై ఉండి నమ్మవేంటమ్మా? ఇదిగో, ఇంటిల్లిపాదికీ చెబుతున్నాను. ఈ టోపీ ఎవరి నెత్తిమీదుంటే వాళ్లకి వొంట్లో బాగోనట్టే. వాళ్లకి పని చెప్పకూడదు, ఎదురుప్రశ్న వెయ్యకూడదు, ఒక్కళ్లనీ వదిలేసి వెళ్లకూడదు. అంతే!"

కోపంలో అన్న మాటే. కానీ ఆ ఇంట్లో అదే చట్టమై కూర్చుంది. థర్మామీటరు మందులడబ్బా అడుక్కి పోయింది, నేను హాల్లో చిలక్కొయ్యకి ఎక్కాను. బియ్యంలో రాళ్లు ఏరమంటే చాలు, అచ్చియ్యమ్మ గారికి కళ్లు తిరిగేవి, నేను ఆవిడ నెత్తిమీద తేలేదాన్ని. కూతురు హైమ పుట్టి బడికెళ్లే వయసొచ్చాక, లెక్కల పరీక్ష ఉన్నరోజు పొద్దున్నే దానికి కడుపునొప్పి. కడుపునొప్పికి తలమీద టోపీ ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు.

నెత్తిమీద కూర్చునేదాన్ని కదా, లోపల తిరిగే ఆలోచనలు నాకు తెలియకుండా ఎలా పోతాయి? సూర్రావు గారి తలలో చాలావరకు ఖాళీ స్థలమే. మధ్యలో ఎప్పుడైనా ఒక ఆలోచన వచ్చేది, మూలమీద బజ్జీల బండివాడు ఇవాళ వచ్చాడో లేదో అని. అచ్చియ్యమ్మ గారి తలలో చుట్టాలందరూ వరసలు కట్టి కూర్చుని తగువులాడుకుంటూ ఉండేవారు. హైమకైతే పెద్దయ్యాక లెక్కల మాస్టారికి ఏమేం శిక్షలు వెయ్యాలో ఒక పెద్ద పట్టిక ఉండేది.

మంగతాయారు గారి తల మాత్రం నాకు పన్నెండేళ్లపాటు తెలీదు. ఆవిడకి జలుబు రాక కాదు. నూటొక్క జ్వరంతో కూడా కొంగు చెవులకి చుట్టుకుని పప్పులో పోపు పెట్టడం నేను కొయ్యమీంచి కళ్లారా చూశాను. ఆవిడ నన్ను పెట్టుకుంటే ఇల్లు ఆగిపోతుంది. అల్లినావిడకి అక్కరకు రాని బతుకేం బతుకని నాకు మహా సిగ్గుగా ఉండేది.

ఆవిడకి ఉన్న ముచ్చట ఒక్కటే, క్యారమ్స్. హైమ పుట్టినరోజుకని కొన్న బోర్డు అది. పిల్ల రెండ్రోజులాడి వదిలేస్తే ఆవిడ పట్టుకున్నారు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఒక్కరూ బోర్డు ముందు కూర్చుని, తెల్లవీ నల్లవీ రెండూ తనే ఆడేవారు. ఏటా ఆగస్టులో కాలనీ క్లబ్బులో ఆడవాళ్లకి పోటీలు పెడతారు. వరసగా మూడేళ్లు ఆవిడ ఫైనల్‌కి వెళ్లారు. మూడేళ్లూ ఫైనల్ రోజున సూర్రావు గారు నన్ను పెట్టుకున్నారు. మొదటి ఏడు పడిశం, రెండో ఏడు మెడ పట్టేసింది, మూడో ఏడు "ఏమోనే, తల బరువుగా ఉంది" అన్నారు. తల బరువంటే నాకు నవ్వాగలేదు, అందులో ఏముందో నాకు తెలుసు కదా! ఒక్కళ్లనీ వదిలేసి వెళ్లకూడదని చట్టం. ఆవిడ ఆగిపోయారు. అవతలివైపు ఫైనల్‌కొచ్చిన దమయంతి గారు స్ట్రైకర్ ముట్టుకోకుండానే మూడుసార్లు కప్పు పట్టుకెళ్లారు.

సూర్రావు గారు చెడ్డమనిషేం కాదు, ఆ మాట నేను చెప్పాలి. భార్య గడపదాటితే ఆయనకి కాళ్లూ చేతులూ ఆడవు. మంచినీళ్ల గ్లాసు ఏ అలమరలో ఉందో పన్నెండేళ్లయినా తెలీదు. భయపడేవారు, అంతే. భయమని ఒప్పుకోలేక తుమ్మేవారు.

నాలుగో ఏడు ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. సూర్రావు గారు శుక్రవారం నుంచే గొంతు సవరించుకుంటున్నారు. ఆదివారం గుత్తివంకాయ రెండుసార్లు వడ్డించుకుని తింటూ, మధ్యలో ఆగి నుదురు నొక్కుకున్నారు. అది చూసి మంగతాయారు గారు కంచంలో చెయ్యి కడిగేసుకుని, తిన్నగా హాల్లోకొచ్చి కొయ్యమీంచి నన్ను తీశారు. దుమ్ము దులుపుతారేమో అనుకున్నాను. నెత్తిన పెట్టుకున్నారు.

అబ్బో, ఆ తల! ఒకమూల పాలవాడు, గ్యాసు బండ, హైమ యూనిఫాం అంచు ఊడటం ఉన్నాయి, కాదనను. మిగతా అంతా క్యారమ్స్ బోర్డే. ఏ కాయిన్ ఏ గోడకి తగిలి ఏ మూలకి పోతుందో గీతలు గీతలుగా ఉంది. బెండకాయలు తరిగేటప్పుడు కూడా ఆవిడ ఆడుతూనే ఉన్నారన్నమాట. నాకు గర్వంతో పోగులన్నీ బిగుసుకున్నాయి.

ఇంతలో వంటింట్లోంచి పెద్ద తుమ్ము. సూర్రావు గారు హాల్లోకొచ్చి కొయ్యవైపు చెయ్యి చాపి, ఖాళీ కొయ్యని తడిమి, వెనక్కి తిరిగారు.

"ఏంటే ఇది? నీకేమైంది?"

"పడిశం పట్టిందండీ" అన్నారావిడ, ముక్కు ఒక్కసారి కూడా ఎగబీల్చకుండా.

"వొంట్లో బాగోకపోతే మరి పోటీకెలా వెళ్తావ్?"

"టోపీ ఉన్నోళ్లని ఎదురుప్రశ్న వెయ్యకూడదండి. మీరు చెప్పిందే కదా!"

"నాక్కూడా తుమ్ములొస్తున్నాయే..."

"ఉన్నది ఒక్క టోపీయేనండీ. నా పడిశం తగ్గాక మీరు పెట్టుకుందురుగాని."

సూర్రావు గారు దిక్కుతోచక వాళ్లమ్మ వంక చూశారు. అచ్చియ్యమ్మ గారు వక్క నములుతూ తాపీగా అన్నారు. "ఒక్కళ్లనీ వదలకూడదన్నావు కదరా, హైమని తోడు పంపించు. కోడలికి పని చెప్పకూడదు గనక ఆ అంట్లు నువ్వు తోమెయ్. పాలగిన్నె జాగ్రత్త, అడుగు అంటుకునుంటుంది."

ఆగస్టు ఉక్కపోతలో, మంచి వెంకటగిరి చీర మీద, ఇటుకరంగు మంకీ టోపీతో మంగతాయారు గారు వీధిలో నడిచారు. అరుగులమీద జనం నోళ్లు తెరిచారు. హైమ సిగ్గుతో పదడుగులు వెనక నడిచింది. ఆవిడకి అవేం పట్టలేదు. క్లబ్బులోకి అడుగుపెట్టాక చెమటలు కారిపోతుంటే నన్ను తీసి కిటికీలో పడేసి బోర్డు ముందు కూర్చున్నారు.

మొదటి ఆట ఓడారు. రెండోది గెలిచారు. మూడో ఆటలో ఇద్దరికీ ఒక్కొక్క కాయిన్, మధ్యలో రెడ్డు. మంగతాయారు గారు ఎదుటి గోడకి కొట్టి రెడ్డు దించేశారు. దాని వెనకే తెల్లది కూడా వెయ్యాలి, వేస్తే కప్పు ఆవిడది. తెల్లది మూలదాకా పోయి, గుంట అంచున కూర్చుండిపోయింది. రెడ్డు మళ్లీ బయటికొచ్చింది. దమయంతి గారు రెండు దెబ్బల్లో ముగించేశారు.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. మంగతాయారు గారు మాత్రం మొహమంతా వెలిగిపోతూ లేచారు.

"అమ్మా, ఓడిపోయావు కదే! నవ్వుతావేంటే?" అంది హైమ.

"ఓడిపోయానే! కూర్చుని, ఆడి, మరీ ఓడిపోయాను!" అన్నారావిడ. పిల్ల భుజమ్మీద చెయ్యేసుకుని, ఆ ఆట గురించే చెప్పుకుంటూ వెళ్లిపోయారు. కిటికీలో నేనున్న సంగతే గుర్తులేదు. గుర్తుండే వదిలేశారేమో కూడా, ఆవిడ తల అప్పటికి నా కింద లేదు, చెప్పలేను.

తరవాతి ఆదివారం దమయంతి గారితో ఆడటానికి మళ్లీ వచ్చారు. కిటికీలోంచి నన్ను తీసి, ఒక క్షణం చూసి, బోర్డు మీద పౌడరు జల్లి నాతోనే తుడిచారు. ఇప్పుడు అదే నా ఉద్యోగం. నున్నటి చెక్క, మల్లెల పౌడరు వాసన, చీమిడి ముక్కుల పీడ లేదు. సుఖంగా ఉన్నాను.

నెల తిరక్కుండా ఒకరోజు సూర్రావు గారు క్లబ్బు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. చేతిలో ఫ్లాస్కు ఉంది. టీ తనే పెట్టినట్టున్నారు, చొక్కా నిండా మరకలు.

"ఏమే, మన టోపీ ఎక్కడుందో చూశావా? ఇల్లంతా వెతికాను" అన్నారు.

"ఏ టోపీ అండీ?" అన్నారావిడ, నన్ను బోర్డు మీద ఈ కొసనుంచి ఆ కొసకి బర్రున లాగుతూ. పౌడరు గుప్పున లేచి ఆయన మొహాన్ని కొట్టింది. సూర్రావు గారు కళ్లనీళ్లు తిరిగేలా గట్టిగా తుమ్మారు. పాపం, నాకు తెలిసి ఆయన జన్మలో అది మొట్టమొదటి నిజం తుమ్ము.

మంగతాయారు గారు స్ట్రైకర్ మీంచి చూపు తిప్పలేదు.

"అవతలికెళ్లి తుమ్మండి. రెడ్డు కొడుతున్నాను."