తమ్ముడు అందించిన మాటలు

యారుమాల్ ఊరి నుంచి మెడెలిన్ నగరం దాకా బస్సులో నోయేలియా కిటికీ బయటికి ఒక్కసారి కూడా చూడలేదు. వాళ్లమ్మ చాక్లెట్‌ పాలలో ఉప్పు కలిపి, ఎవరు కలిపారని పిల్లల మీద విరుచుకుపడింది సరిగ్గా నోయేలియాకు ఇప్పుడున్న ఈ వయసులోనే. ఆ తర్వాత ఆవిడకు పిల్లల పేర్లు కూడా గుర్తులేకుండా పోయాయి. ఆ కుటుంబంలో తరానికి కొందర్ని ఇలాగే పట్టుకునే మతిమరుపు అది. మందు దొరుకుతుందేమోనని తోబుట్టువులంతా మెడెలిన్ ఆసుపత్రిలో జరిగే పరిశోధనకు పేర్లిచ్చారు. నోయేలియాకు సూదంటే లెక్కలేదు కానీ జ్ఞాపకశక్తి పరీక్షంటే కాళ్లూ చేతులూ ఆడవు.

ఆసుపత్రిలో ముందు తమ్ముడు ఎలియేసర్ పరీక్ష గదిలోకెళ్లాడు. బయటికొస్తూనే అక్క పక్కన చతికిలబడి, సంచిలోంచి జున్ను వడ తీసి నములుతూ గొంతు తగ్గించాడు.

"అక్కా, డాక్టరమ్మ ముందు కొన్ని మాటలు చదువుద్ది. కాసేపు కబుర్లాడి మళ్లీ అడుగుద్ది. బుర్రకెక్కించుకో. గుర్రం, నిమ్మకాయ, గొడుగు, గంట, సబ్బు."

"సిగ్గులేదురా నీకు. ఇది మోసం."

"నీకొద్దా? పోనీ చెల్లికి చెప్తాలే."

వద్దని మాత్రం అనలేదు ఆ మహాతల్లి. ఎందుకైనా మంచిదని అన్నీ మళ్లీ చెప్పించుకుంది.

లోపల డాక్టర్ మారిట్సా ఉంది. ఏటా ఊరొచ్చి వీళ్ల వంటింట్లో కూర్చుని కాఫీ తాగే మనిషే. ఆమె చదివిన మాటలు విని నోయేలియా బిత్తరపోయింది. తమ్ముడు చెప్పినవాటితో ఒక్కటీ కలవలేదు. కోళ్ల గురించీ వానల గురించీ మాట్లాడాక, "ఇందాకటి మాటలు చెప్పండి" అనగానే, కంగారులో నోరు దానంతటదే అప్పజెప్పేసింది.

"గుర్రం, నిమ్మకాయ, గొడుగు, గంట, సబ్బు."

డాక్టర్ కలం కింద పెట్టింది.

"నేను మీకు చెప్పినవి ఇవి కావే."

అయిపోయింది, అమ్మ జబ్బు నాకూ వచ్చేసింది అనుకుంది నోయేలియా.

"ఇవి మీ తమ్ముడికి చెప్పినవి. మనిషికో జాబితా ఉంటుందండీ."

ఇక దాచడానికేముంది, ఏడుస్తూ అంతా ఒప్పేసుకుంది. డాక్టర్ మంచినీళ్లిచ్చి, మెల్లగా అడిగింది.

"మరి నావేమైనా గుర్తున్నాయా?"

"ఎందుకు లేవమ్మా. కత్తెర, వంతెన, దుప్పటి, కోడిపెట్ట, బెల్లం."

డాక్టర్‌కి నవ్వాగలేదు.

"దొంగసరుక్కీ, అసలు సరుక్కీ కూడా చోటున్న బుర్ర మీది. ఇవాళ్టికి భేషుగ్గా ఉంది. రేపటి సంగతి నేను చెప్పలేను. కానీ ఇంకెప్పుడూ ఇలా చేయకండి. ఎవరికి జబ్బు ఎప్పుడు మొదలైందో మీరే దాచేస్తే, మందు పనిచేసిందో లేదో మాకెలా తెలుస్తుంది? నష్టపోయేది మీ పిల్లలే."

బయటికి రాగానే చెల్లెలు యురానీ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, త్వరగా చెప్పు. ఏం మాటలు?"

"చెప్పను."

"అన్నయ్య నీకు చెప్పాడుగా."

"చెప్పాడు. గడ్డి తిన్నాను. నువ్వు ఉన్నదున్నట్టు చూపించు. ఏం తేలినా సరే, నువ్వు మరిచిపోయినవి కూడా నేనే గుర్తుపెట్టుకుంటా. నా బుర్రలో చోటుందని ఆవిడే చెప్పింది."

యురానీ ఏడవబోయి నవ్వేసి లోపలికెళ్లింది. తలుపు మూసుకున్నాక గానీ నోయేలియా కళ్లు తుడుచుకోలేదు. తర్వాత తమ్ముడి చేతిలో మిగిలిన వడ లాక్కుని తినేసింది.