గోడ మీద ఎనిమిది కాగితాలు

ప్రచారంలో ఎవరి మాటా నమ్మబుద్ధి కాక, ఛత్రినాకలో పప్పుల దుకాణం నడిపే నాగమణమ్మ ఎనిమిది మంది అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్లను ప్రింటు తీయించి, షట్టర్ పక్క గోడకు వరసగా అంటించింది. చదువు, ఆస్తులు, కేసులు అన్నీ వాటిలో ఉన్నాయి. తన మాట ఒక్కటీ రాయలేదు.

మధ్యాహ్నం కైలాసం అనే పార్టీ కార్యకర్త కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

“మా అన్న కాయితం తీసెయ్యమ్మా. ఎవరు రాసిన్రు గీ అబద్ధాలు?”

“మీ అన్ననే రాసిండు. కింద సంతకం చూడు. అబద్ధమైతే నువ్వే చింపెయ్యి.”

కైలాసం చెయ్యెత్తాడు. సంతకం దాకా చదివాడు. చెయ్యి మెల్లగా దిగింది.

“ఐదు కేసులా? మాకు ఒక్కటే అని చెప్పిండు గదా.”

నాగమణమ్మ అతని వైపు స్టూలు జరిపింది.

“ఇంక ఏడు కాయితాలున్నయి బిడ్డా. అన్నీ సదువుకొని పో.”