కొన్నవాడి పూచీ

చైనా నుంచి వచ్చిన మిషన్‌ను ఆజం పెట్టె విప్పకముందే అనుమానించాడు. పెద్ద అంబర్‌పేట్ లారీ గోడౌన్‌లో చెక్కపెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, మేకులు ఊడదీసి మళ్లీ కొట్టినట్టున్నాయన్నాడు. ఇబ్రహీంపట్నం తెచ్చి విప్పాక, స్క్రూల మీద రంగు మరీ కొత్తగా ఉందన్నాడు. పాత మిషన్‌కు రంగేసి అంటగట్టారని అతని నమ్మకం.

జాకెట్ల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే దుకాణం అతనిది. కింద దుకాణం, పైన ఇల్లు. పదకొండేళ్లుగా ఒకే హెడ్డు, అంటే ఒకే సూదుల వరస, ఉన్న మిషన్‌తో నెట్టుకొచ్చాడు. దాన్ని నడిపేది మంచాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఇమ్మానుయేలు. ఇప్పుడు రెండు హెడ్ల మిషన్ నేరుగా కంపెనీ దగ్గరే కొన్నాడు. డబ్బు ముందే కట్టేశాడు. ఇమ్మానుయేలు సూదులు బిగించబోతే, రేపు కంపెనీవాళ్లు తప్పు నీ మీద పెడతారని ఆపి, తనే బిగించాడు. మొదటి హెడ్డు బాగానే కుట్టింది. రెండోదాని మీద పువ్వు పువ్వుకూ దారం తెగింది.

"చూసినవా, నేను చెప్పలే?" అన్నాడు ఆజం. ఆ మాటలో బాధ అంతగా లేదు.

మర్నాడే కొనుగోలు కాగితాలు పట్టుకుని కోర్టు దగ్గర వకీలు భాగ్యను కలిశాడు. ఆమె అన్నీ చదివి, ఇది దేశాల మధ్య సరుకుల అమ్మకానికి కొన్ని దేశాలు కలిసి చేసుకున్న ఒప్పంద చట్టం కింద రాసుకున్న కాగితమని చెప్పింది.

"మన దేశం అండ్ల చేరలే అన్నా. కానీ ఆ చట్టమే నడుస్తదని రాసిన కాయిదం మీద నువ్వు సంతకం పెట్టినవ్. అండ్ల అమ్మినోనికే కాదు, కొన్నోనికి గూడ పూచీలుంటయ్."

సరుకు దించుకోవాలి, ఆలస్యం చేయకుండా పరీక్షించుకోవాలి, లోపముంటే అదేమిటో తేటగా రాసి తొందరగా తెలపాలి. వద్దనుకుంటే, వాళ్లు తీసుకుపోయేదాకా పాడవకుండా కాపాడాలి. సొంత పనికి మాత్రం వాడొద్దు. ఇదీ ఆమె చెప్పింది.

సాయంత్రం మసీదు దగ్గర ముఖీమ్ సాబ్‌నూ అడిగాడు ఆజం. షరియత్ చదువుకున్న పెద్దమనిషి ఆయన. కొన్నాక లోపం బయటపడితే వాపసు చేసే హక్కు ఉందన్నాడాయన. అయితే లోపం తెలిసీ పనికి వాడుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. వద్దన్న వస్తువు చేతిలో ఉన్నన్నాళ్లూ అమానత్, అంటే ఇంకొకరు నమ్మి అప్పగించినట్టు చూసుకోవాలి. ఇద్దరూ ఇంచుమించు ఒకే మాట చెప్పడం ఆజంకు ఆశ్చర్యమనిపించింది.

భాగ్య రాసిచ్చిన నోటీసు కంపెనీకి వెళ్లింది. మిషన్ తెర మీద కనిపించే కుట్ల లెక్క ఫొటో కూడా దానికి జత చేశారు. నలభై ఒక వేల పైచిలుకు. మూడు వారాల్లో మెకానిక్‌ను పంపుతామని జవాబొచ్చింది. ఆజం మిషన్ మీద నీలం పట్టా కప్పి తాళ్లు కట్టాడు.

శ్రావణం దగ్గరపడింది. జాకెట్లు గుట్టలుగా వస్తున్నాయి. పాత మిషన్ ఒక్కటే రోజంతా నడుస్తోంది.

ఒక శనివారం పొద్దున పట్టా తాళ్లకు వేసిన ముడి వేరేగా కనిపించింది. ఆజం పట్టా తీసి మిషన్ ఆన్ చేశాడు. లెక్క యాభై ఎనిమిది వేలు దాటింది.

అతను ఎవరితోనూ అనలేదు. శుక్రవారం జుమ్మా నమాజుకు తను వెళ్లే గంటన్నరా దుకాణంలో ఉండేది ఇమ్మానుయేలు ఒక్కడే. పోయిన మంగళవారం కంపెనీ ఏజెంటు జగదీశ్వర్ హయత్‌నగర్ నుంచి వచ్చి, ఎదురు హోటల్లో ఇమ్మానుయేలుతో చాయ్ తాగడం తను కళ్లారా చూశాడు. ఏం మాట్లాడుకున్నారో ఇమ్మానుయేలు చెప్పలేదు, తనూ అడగలేదు. ఆజం మనసులో అంతా కలిసిపోయింది. మిషన్ వాడుకున్నారు గనక వాపసు లేదని కంపెనీ అనాలి. అందుకోసం ఇమ్మానుయేలును కొనేశారు.

ఆ వారమంతా అతన్నే కనిపెట్టాడు. ఇమ్మానుయేలు ఫోను మోగితే పని మానుకుని విన్నాడు. మేకుకు వేలాడే దుకాణం తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మళ్లీ ఏమనుకున్నాడో అక్కడే తగిలించాడు. పదకొండేళ్లు కలిసి అన్నం తిన్న మనిషి నవ్వితే కూడా ఎందుకు నవ్వాడా అనిపించేది. అతని పక్కన కూర్చుని అన్నం తినడం మానేశాడు.

శుక్రవారం టోపీ పెట్టుకుని బయల్దేరి, మసీదుకు పోకుండా ఎదురుగా మందుల షాపులో నిలబడ్డాడు. నమాజు ఎగ్గొట్టి సొంత దుకాణాన్ని దొంగచాటుగా చూస్తున్నందుకు టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి ఇమ్మానుయేలు టిఫిన్ డబ్బాతో బయటికొచ్చాడు. షెటర్ దించి తాళం వేసి, పైకి చూసి, మెట్ల మీదికి తాళంచెవి అందించాడు. అందుకున్నది ఆజం భార్య ఉమ్మే కుల్సుమ్. ఆమె దిగి తాళం తీసి, షెటర్ సగం ఎత్తి లోపలికి వెళ్లింది. పావుగంటకు కొత్త మిషన్ చప్పుడు మొదలైంది.

ఆజం రోడ్డు దాటాడు. షెటర్ ఎత్తేసరికి రెండు హెడ్లూ పక్కపక్కనే పువ్వులు కుడుతున్నాయి. పాత గుడ్డముక్క మీద ఒక్క దారమూ తెగలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది గానీ మిషన్ ఆపలేదు. ఆజం రోడ్డు దాటడం చూసి ఇమ్మానుయేలు కూడా డబ్బాతోనే వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడేది ఉర్దూ. ఆమె ఇప్పుడు తెలుగులో మొదలుపెట్టింది, ఇమ్మానుయేలుకూ అర్థం కావాలని.

"ఇమ్మానుయేల్‌ది తప్పేం లేదు. తాళంచెవి నేనే అడిగిన, చెప్పొద్దని గూడ నేనే అన్న. నాకు నీ మీద అనుమానం వచ్చింది."

పెళ్లికి ముందు ఆమె మగ్గం పని చేసేది. దారం ఎందుకు తెగుతుందో చేతికే తెలుసు. ఆర్డరు పెట్టిన వారానికే ఆజంకు ఇంకో కంపెనీ మిషన్ తక్కువకు కనబడింది. అప్పటినుంచీ, రాని మిషన్‌కే వంకలు పెట్టడం ఆమె విన్నది. మొదటి శుక్రవారం ఎంతసేపు నడిపి చూసినా దారం తెగుతూనే ఉంది. ఆ గంటన్నరా ఎక్కడ తెగుతోందో చూడటంతోనే గడిచింది. ఈ రోజు సూదులు వెలుతురులో పట్టుకుని చూసింది. రెండో హెడ్డులో అన్నీ కొద్దిగా పక్కకు తిరిగి ఉన్నాయి, దారం తెగేది అందుకే. సరిచేసింది.

"కావాల్నని పెట్టినవో, చూస్కోక పెట్టినవో నాకు తెల్వదు. నీకైన తెలుసా?"

ఆజం, ఆ రోజు తన వేళ్లు ఏం చేశాయో గుర్తు తెచ్చుకోబోయాడు. మొదటి హెడ్డుకు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. రెండోదానికి పెట్టుకున్నాడో లేదో గుర్తు రాలేదు. దారం తెగాక మాత్రం సూది వైపు చూడాలని కూడా అనిపించలేదు, అది గుర్తుంది.

సూదులు మళ్లీ తిప్పేసి మెకానిక్ కోసం ఎదురుచూడొచ్చన్న ఆలోచన రాకపోలేదు. కుట్ల లెక్క పెరగడానికి కూడా ఏదో ఒకటి చెప్పొచ్చు. ఇద్దరి ముందు ఆ ఆలోచన పట్టుకుని నిలబడటం చేతకాలేదు. భాగ్యకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. లోపం లేని సరుకును కాదనడం కొన్నవాడి తప్పే అవుతుందని, నోటీసు వెనక్కి తీసుకొమ్మని ఆమె అన్నది. తర్వాత జగదీశ్వర్‌కు చేశాడు.

జగదీశ్వర్ నమ్మలేదు. తనకే నష్టమయ్యే మాట కొన్నవాడు తనంతట తాను చెప్పడం అతనెప్పుడూ వినలేదు. మర్నాడే వచ్చి మిషన్ నాలుగు పక్కలా ఫొటోలు తీశాడు. ఏదైనా పార్టు మార్చారా అని మూడుసార్లు అడిగాడు. సూదుల సంగతి రాసి ఆజం చేత సంతకం పెట్టించాడు. పోతూ పోతూ కూడా, "నిజం చెప్పు, అసలు ఏం గావాలె నీకు?" అన్నాడు.

మిషన్ ఉంచుకుంటానన్నాడు ఆజం. జగదీశ్వర్ ఆ మాట కూడా కాగితం మీద రాయించుకున్నాడు.

అతను వెళ్లాక ఆజం ఇమ్మానుయేలు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఏజెంటు డబ్బిచ్చాడని అనుకున్నానని, వారం నుంచి కనిపెడుతున్నానని చెప్పేశాడు. ఇమ్మానుయేలు దారం ఎక్కిస్తూనే విన్నాడు.

"నాకు ఎర్కైంది. నీకు నిజంగ మిషన్ గావాల్నా వద్దా అని అడగనీకె వచ్చిండు ఆయన. నిన్నే అడగమన్న. నువ్వు నన్ను అడిగుంటే గిదే చెప్తుంటి."

"అడగలేకపోయిన."

"అవ్. మనిషిని గూడ జర మంచిగ చూసి, అప్పుడు వంక పెట్టాలె అన్నా."

శ్రావణం అయ్యేదాకా అతను రెండు మిషన్లూ నడిపాడు. అన్నం మాత్రం చాలా రోజులు ఎదురు హోటల్లోనే తిన్నాడు. ఆజం రమ్మని పిలవలేదు. పిలిచే హక్కు ఇంకా రాలేదని అతనికి తెలుసు.