బల్లెక్కని బకెట్టు

కూర గిన్నె మీది మూత తీసి బల్ల మీద బోర్లించి, "ఇది గొడుగు, మనది" అన్నాడు భర్త. పక్కనే గరిటె నిలువుగా పెట్టి, "ఇది నిచ్చెన. కాంట్రాక్టరుది. దీని జోలికి పోకూడదు" అన్నాడు. ఎన్నికల ముందొచ్చే ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎంగిలి కంచాలు ఇంకా తియ్యకముందే ఆ ఇంట్లో జరిగే తంతు ఇది. పెళ్ళయి వచ్చిననాటి నుంచీ ఆమె చూస్తూనే ఉంది. మొదట్లో మామగారు చేయించేవారు, ఆయన పోయాక కొడుకు అందుకున్నాడు. యంత్రం మీద ఏ బొమ్మ ఏ వరసలో వస్తుందో చెప్పి, బడిపిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు ఇంట్లో ఆడవాళ్ళిద్దరి చేతా నొక్కించి చూసుకుంటే గానీ ఆయనకి చెయ్యి కడుక్కోబుద్ధి కాదు.

"నొక్కమ్మా" అన్నాడు తల్లితో.

అత్తగారు వేలు చాచి మూత మీద నొక్కింది. జిడ్డంటితే కొంగుకు తుడుచుకుంది.

"ఊఁ, ఇప్పుడు నువ్వు."

ఆమె నొక్కలేదు. "మరి బకెట్టేదండీ?" అంది.

"బకెట్టేంటి?"

"కండక్టరక్క గుర్తు. నిలబడ్డది ముగ్గురు కదా. బల్ల మీద రెండే ఉన్నాయి."

ఆయన పకపకా నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, చిన్నపిల్ల ముద్దుమాటకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. అదే ఆమెకి ఎక్కువ మంట.

"బకెట్టుని బల్లెక్కిస్తారటే ఎవరైనా? స్నానాలగదిలో ఉండేది అక్కడే ఉండనీ. ఆవిడకి వేస్తే బూడిదలో పోసిన పన్నీరే. దండగ ఓటు. కానీ కానీ, అవతల మీటింగుంది నాకు."

ఆమె నొక్కింది. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. గొడుగునీ నిచ్చెననీ తీసుకెళ్ళి తోమింది మాత్రం ఆమే.

నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. జెరాక్సు షాపు నడుపుకుంటాడు, తాగడు, చెయ్యెత్తడు, ఆమె జ్వరంతో పడుకుంటే టిఫిను కట్టించుకొస్తాడు. ఆయనకున్న పిచ్చల్లా పార్టీ. తమ వీధి బూతుకి పార్టీ తరఫున బాధ్యుడు ఆయనే. "నా బూతులో ఒక్క ఓటు పక్కకి పోదు" అన్నది ఆయన గొప్ప. ఇక ఊతపదం 'దండగ'. అత్తగారికి కొత్త కళ్ళజోడు దండగ, వానలో ఆటో దండగ, ఆడవాళ్ళు పేపరు చదవడం దండగ. ఆమె మంచినీళ్ళ సీసా కూడా దండగే. పొద్దున్న నిండుగా తీసుకెళ్ళి, సాయంత్రం నిండుగా తిరిగి తెచ్చి, పెరట్లో మొక్కల మొదట్లో పోస్తుంది. "తాగనిదానికి ఆ మోత ఎందుకే?" అంటాడు. ఎందుకు తాగదో మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఆమె బస్సు డిపోలో పాసులిచ్చే కౌంటరులో పనిచేస్తుంది. డిపోలో మగవాళ్ళకి వరసగా మరుగుదొడ్లున్నాయి, లేకపోయినా వాళ్ళకి గోడలున్నాయి. ఆడవాళ్ళకి ఉన్నది ఒక్కటే, మేనేజరు గదిలోది. దాని తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి వెళ్ళి అడిగింది. పాసుల కోసం నిలబడ్డ కాలేజీ కుర్రాళ్ళందరికీ వినపడేలా, "ఇప్పుడే కదమ్మా డ్యూటీకొచ్చావ్, అప్పుడేనా?" అన్నాడాయన. ఎవరో కిసుక్కున నవ్వారు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఆమె నీళ్ళు మానేసింది. గొంతెండితే పెదాలు తడుపుకోవడం, కడుపు బిగబట్టి నవ్వుమొహంతో ముద్రలు కొట్టడం, ఇంటికొచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా పరిగెత్తడం అలవాటు చేసుకుంది. చివరికి ఒళ్ళంతా కాలిపోతూ, ఒంటేలుకెళ్తే కారం పోసినట్టు మంటతో మంచం ఎక్కింది. అప్పుడు వైద్యం చేసింది ఎవరనుకున్నారు? ఇప్పుడు పదవిలో ఉన్న గొడుగు గుర్తు డాక్టరుగారే. ఫీజు తీసుకోలేదు, మందులు కూడా ఆయనే ఇచ్చారు. "నీళ్ళు బాగా తాగాలి తల్లీ, మీ ఆడవాళ్ళు ఒంటి సంగతి పట్టించుకోరు" అని మెత్తగా మందలించారు. ఆ తల్లీ అన్న పిలుపుకి ఆమెకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ డాక్టరుగారే, కిందటి ఎన్నికల ముందు, డిపోలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి శంకుస్థాపన చేశారు. రాయి ఇప్పటికీ ఉంది, నున్నగా, ఆయన పేరుతో. గది మాత్రం లేవలేదు. ఆ రాయి చాటున ఇప్పుడు డ్రైవర్లు నిలబడుతున్నారు.

కండక్టరక్క ఆ డిపోలోనే పనిచేసి రిటైరైన మనిషి. ప్రచారానికి వచ్చినప్పుడు దండాలూ దస్కాలూ ఏమీ లేవు. కౌంటరు కిటికీలోంచి తల పెట్టి, "నీళ్ళు తాగావా అమ్మడూ?" అంది.

అంతే. ఆమె బల్ల కింద నిండు సీసా కేసి చూసింది. అక్క కూడా అటే చూసింది.

"నేనూ అంతే చేసేదాన్ని. చివరికి ఆపరేషనయింది" అంది. "చూడు, నీతో అబద్ధం ఎందుకు. నేను గెలవను. నాకేస్తే ఓట్లు చీలి కాంట్రాక్టరు వస్తాడేమోనని నాకూ భయమే. ఆలోచించుకుని వెయ్యి. వెయ్యకపోయినా నేనేం అనుకోను. నీళ్ళు మాత్రం తాగు."

గెలుస్తాననే వాళ్ళని ఎంతోమందిని చూసింది గానీ, గెలవనని చెప్పి ఓటడిగే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. కూర తరుగుతున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే.

కాంట్రాక్టరు గెలిస్తే డిపో స్థలంలో షాపింగు కాంప్లెక్సు కడతాడట, డిపోని ఊరవతలికి తోలేస్తాడట. అప్పుడు ఆమె కౌంటరే ఉండదు. "ఉన్న డిపోనే పోతే ఇక నీ మరుగుదొడ్డి ఎక్కడ కడతారే?" అని అడిగాడు భర్త. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది, అదే కష్టం. అడ్డగోలుగా మాట్లాడితే కోప్పడి ఊరుకోవచ్చు. డాక్టరుగారు మంచివారే. మందిచ్చిన చెయ్యి అది. ఆ చేతిని కాదంటే విశ్వాసం లేనిదాన్ననిపించుకోనూ? కానీ ఆ చెయ్యే కదా రాయి పాతి వదిలేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్కకి వేస్తే కాంట్రాక్టరు వస్తాడేమో. డాక్టరుగారికి వేస్తే, ఆడవాళ్ళు రాయి చూసి కూడా ఓటేస్తారని ఆయనకి మళ్ళీ తెలుస్తుంది. ఇంకో ఐదేళ్ళు వీళ్ళు బిగబట్టుకోగలరని తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తనూ అదే కదా చేస్తోంది, పోనీలే ఇంతకన్నా అధ్వాన్నమైన మొగుళ్ళు లేరా అని సర్దుకుంటూ. కొట్టేవాడు కాదు కాబట్టి మంచివాడు, దోచుకునేవాడు కాదు కాబట్టి మంచి నాయకుడు. ఆ మాట తట్టేసరికి ఆమెకి తన మీద తనకే జాలీ ఒళ్ళుమంటా రెండూ కలిగాయి.

పోలింగు రోజు తెల్లవారి వంటింట్లో తడిగుడ్డ పెడుతోంది. భర్త పార్టీ కండువా సర్దుకుంటూ అప్పుడే తుడిచిన నేల మీంచి చెప్పులతో నడిచి వెళ్ళాడు, గుమ్మందాకా మట్టి అచ్చులు. ఆమె బకెట్టు దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. సగంలో చెయ్యి ఆగిపోయింది. సాయంత్రానికి మళ్ళీ మాసిపోతుందని తెలిసీ రోజూ ఇల్లు తుడుస్తోంది. మళ్ళీ ఆకలేస్తుందని తెలిసీ పూటపూటా వండుతోంది. ఇది దండగే, మానెయ్యవే అని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదేం? ఇంత చాకిరీ దండగ కానప్పుడు, ఒక్కసారి వేలు పెట్టి నొక్కే నొక్కుడు దండగయిపోయిందా!

ఓటేసి అటునుంచి అటే డ్యూటీకి వెళ్ళాలి కాబట్టి సంచీ, నీళ్ళ సీసా పట్టుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని బయల్దేరింది. బడిలో బూతు. ఆడవాళ్ళ వరస మెల్లగా కదులుతోంది.

"అత్తయ్యా, నా మనసేం బాలేదు" అంది ఆమె. "ఆయన చెప్పింది కాదంటే తప్పవుతుందేమో. పైగా బకెట్టుకి వేస్తే, లెక్కపెట్టినప్పుడు ఆయన బూతులో తెలిసిపోతుంది. పోయినసారి దువ్వెన గుర్తుకి ఒక్క ఓటు పడిందని ఎంత రభస చేశారు!"

అవును, అదో పెద్ద కథ. పోయినసారి ఎవరో ఊరూ పేరూ తెలియని అమ్మాయి దువ్వెన గుర్తు మీద నిలబడితే, ఆయన బూతులో ఆ పిల్లకి ఒకే ఒక్క ఓటు వచ్చింది. తన గొప్పకి మచ్చ పడిందని ఆయన నెలల తరబడి గాలించాడు. వాడెవడో తేలాలి అంటూ దర్జీని అనుమానించాడు, ఎలక్ట్రీషియన్ని నిలదీశాడు, ఎదురింటి మేష్టారితో మాటలు మానేశాడు.

అత్తగారు బోసినోరు కొంగుతో కప్పుకుని నవ్వింది. "పిచ్చిసన్నాసి! ఊళ్ళో మగాళ్ళందరినీ అడిగాడు గానీ, పక్కన కూచుని అన్నం పెట్టేదాన్ని అడిగాడా?"

ఆమె గిరుక్కున తిరిగింది. "మీరా!"

"మెల్లగానే! ఆ పిల్ల సొంత ఓటు వేరే ఊళ్ళో ఉందిట. ఒక్కటైనా పడకపోతే రేపు ఇంట్లోవాళ్ళ ముందు ఏ మొహం పెట్టుకు తిరుగుతుంది పాపం? మీ మామగారున్నన్నాళ్ళూ ఆయన చెప్పినట్టే నొక్కాను. ఆయన పోయాకే నాకూ ఒక వేలుందని తెలిసింది" అంది అత్తగారు. వరసలో ఒక అడుగు ముందుకేసి, "నీకెటు వెయ్యాలో నేను చెప్పను. చెప్పేవాళ్ళు నీకు చాలామందే ఉన్నారు" అంది.

లోపల అట్ట అడ్డం వెనక ఆమె ఒక్కతే. మూడు బొమ్మలూ సమానంగా, ఒకే కొలతలో ఉన్నాయి. ఇక్కడ బకెట్టుని ఎవరూ కింద పెట్టలేదు. కాంట్రాక్టరు భయం పోలేదు. వాడే గెలిస్తే? గెలిస్తే ఆ పాపంలో గది కట్టనివాళ్ళకీ వాటా ఉంటుంది, అంతా నా నెత్తినే వేసుకోను, అనుకుంది. నొక్కింది. యంత్రం కుయ్యిమంది.

గేటు అవతల, దూరంగా పార్టీ బల్ల దగ్గర భర్త కూర్చున్నాడు. ఏమన్నట్టు కనుబొమలెగరేశాడు. అత్తగారూ ఓటేసి వచ్చాక, ఆవిడతో కలిసి ఆమె తిన్నగా ఆయన ముందుకెళ్ళి, సంచీలోంచి సీసా తీసి, మూత విప్పి, గటగటా తాగింది. సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది.

"డ్యూటీకి పోతూ అన్ని నీళ్ళెందుకే?" అన్నాడు ఆయన కంగారుగా.

"దాహమేసి. మేనేజరుగారి తాళం అడుగుతాను. ఇవ్వకపోతే ఇచ్చేదాకా కౌంటరు తియ్యను."

ఆమె బల్ల మీదికి వంగి, పక్కవాళ్ళకి వినపడకుండా, నెమ్మదిగా చెప్పింది.

"ఫలితాలొచ్చాక ఈసారి ఇల్లిల్లూ తిరక్కండి. మేష్టారితో మళ్ళీ మాట్లాడండి, పాపం ఆయనకేం తెలీదు. బకెట్టు నొక్కింది నేను. దానికి ఇంకో ఓటు కూడా పడి ఉంటే మాత్రం, అదెవరిదో నన్నడక్కండి."

ఆయన బిక్కమొహం వేసి, సాయం కోసమన్నట్టు తల్లి వైపు తిరిగాడు. అత్తగారు సిరా ఆరని వేలిని, మొన్న కూర జిడ్డు తుడుచుకున్నట్టే, తాపీగా కొంగుకు తుడుచుకుంటోంది.